గడ్డ అంచున బంగారం

ఎలుకల గది, చేతులు కడుక్కునే తొట్టి పక్కన

అక్కా,

బావ ఫోన్ చేశాడు. నీ గొంతు జీర జలుబు వల్ల కాదని, స్వరపేటిక మీద గడ్డ ఉందని, ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అని తేలిందని చెప్పాడు. చెప్పి ఏడ్చాడు. ఆయన్ని ఓదార్చేసరికే నా ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. నీ గురించి అడగాల్సింది అడగనేలేదు.

నిన్ను మాట్లాడొద్దన్నారట. ఫోన్ చేస్తే ఎత్తుతావు, ఎత్తితే వాగుతావు. మెసేజ్ పెడితే బావ ఫోన్‌కి వస్తుంది, ఆయన చదివి సగం మింగేసి నీకు చెబుతాడు. అందుకని కాగితం. నువ్వూ కాగితం మీదే రాయి. ఉన్నదున్నట్టు రాయి.

స్వరపేటిక మొత్తం తీసేద్దామన్నాడట మీ డాక్టరు. ఎంత తేలిగ్గా అన్నాడు. పుచ్చిపోయిన పన్ను పీకినట్టు. ఆయన ఎప్పుడైనా మన బస్టాండుకి వచ్చాడా? పదేళ్లుగా ఆ ఊరి జనం బస్సు ఎక్కుతున్నది మైకులో నీ గొంతు విని. అది తీసేస్తే నీ దగ్గర ఇంకేం మిగులుతుంది? నా పోలికలు కాస్త, బావ గురక కాస్త.

కోపం పక్కన పెట్టి చెబుతున్నాను, విను. నేనిక్కడ ఏం చేస్తానో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. ఎలుకలకి తిండి పెడతానంటే నవ్వావు, నేనూ ఊరుకున్నాను. ఈ ప్రయోగశాలలో బంగారంతో రేణువులు చేస్తారు. మన కంటికి కనబడనంత చిన్నవి, నానో కణాలంటారు. బంగారం పచ్చగా ఉంటుందనుకుంటాం కదా, అంత చిన్నది చేసి నీళ్లలో ఉంచితే దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుంది. ఆ రేణువులకి క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి అంటుకునే తొడుగు ఒకటి వేస్తారు. ఎలుక తోక నరంలోకి ఎక్కిస్తారు. ఎలుకని పట్టుకునేది నేనే, నా చేతిలో అవి కొట్టుకోవు. మర్నాడు స్కాన్ తీస్తే బంగారం చేరిన చోటు తెల్లగా మెరుస్తుంది. గడ్డ ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో, బట్ట మీద సుద్దతో గీసినట్టు అంచు కనబడుతుంది.

అర్థమైందా? ఎంత వరకు ఉందో తెలిస్తే అంత వరకే చూసుకోవచ్చు. తెలియనివాడే మొత్తం తీసేద్దామంటాడు. ఇదంతా ఎవరో చెబితే విన్నది కాదు. వీళ్లు పారేసిన పత్రికలు గదికి మోసుకెళ్లి, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

సంతకం పెట్టకు. కాస్త గడువు అడుగు.

నీ చెల్లి

* * *

బస్టాండు, పార్శిల్ ఆఫీసు

చిటపటా,

నీ ఉత్తరం చదువుతుంటే కాగితం వేడెక్కింది. కాస్త నెమ్మదిగా పట్టుకో కలాన్ని.

మాట్లాడొద్దన్నారు కాబట్టి నన్ను మైకు గదిలోంచి పార్శిల్ ఆఫీసుకి మార్చారు. మూటల మీద ఊరి పేరు రాయడం నా పని. మూటలు ఎదురు ప్రశ్నలు వెయ్యవు, హాయిగా ఉంది. నా బదులు ఎవర్ని పెట్టారనుకుంటున్నావు? నన్నే. ఎప్పుడో కరెంటు పోయే రోజుల కోసం నా చేత రికార్డు చేయించి ఉంచారు చూడు, అది వేస్తున్నారు. ఆ తరువాత ప్లాట్‌ఫారాలు మారాయి కదా. ఆ పాత గొంతేమో ఇంకా పాత చోట్లే చెబుతుంది. జనం మూటలు ఎత్తుకుని అటు పరిగెడతారు, బస్సు ఇటు పోతుంది. నేనిక్కడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను. లేచి "అటు కాదండీ" అని అరవడానికి లేదు. నిన్న ఒకావిడ పైకి చూసి నన్ను బూతులు తిట్టింది. నా ఎదురుగానే నిలబడి. నాకు నవ్వొచ్చింది, నవ్వినా నొప్పే.

ఉన్నదున్నట్టు రాయమన్నావు. డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. గొంతు చుట్టూ ఒక మెత్తటి ఎముక డొప్పలా ఉంటుందట. గడ్డ అందులోకి దిగకపోతే కిరణాలు పెట్టి, మందులిచ్చి నయం చేయొచ్చు, మాట నిలుస్తుంది. దిగితే మాత్రం పేటిక తీసేయాలి. మెడ కింద కన్నం పెడతారు, ఊపిరి అక్కణ్ణించే. దిగిందా లేదా అన్నది స్కాన్‌లో తేలలేదు. నాకూ ఏదో మందు ఎక్కించే తీశారు, ఒళ్లంతా వేడెక్కింది తప్ప అంచు తేలలేదు. దిగిందనే ఆయన అనుమానం. అనుమానమున్నప్పుడు తీసేయడమే క్షేమమన్నాడు. కటువుగా ఏం చెప్పలేదు పాపం. నువ్వు ఆయన్ని తిట్టకు.

నీ బంగారం గురించి బావకి చెప్పాను. "మన పెళ్లప్పుడు కూడా ఇంత బంగారం ఊసెత్తలేదు మీవాళ్లు" అన్నాడు.

ఒక్కటి అడుగుతాను. అది మనుషులకి ఎప్పుడిస్తారు?

అక్క

* * *

ఎలుకల గది, మధ్యాహ్నం భోజనం మానేసి

అక్కా,

అడిగేశాను.

మొన్న ఎవరో పెద్దవాళ్లు ప్రయోగశాల చూడ్డానికి వచ్చారు. మా సారు గోడ మీద ఎలుకల స్కాన్ బొమ్మలు వేసి చూపించాడు. నల్లటి ఎలుక, తెల్లటి గడ్డ, దీపం పెట్టినట్టు. చప్పట్లు కొట్టారు. ఒకాయన "మనుషులకి ఎప్పుడండీ" అని అడిగాడు. సారు "చాలా దగ్గరికి వచ్చేశాం" అన్నాడు. నా చెవి అటే వేసి ఉంచాను.

అంతటితో వదల్లేదు. వాళ్లు టీ తాగుతుంటే వసారాలో సారుకి అడ్డంపడ్డాను, చేతిలో పంజరంతోనే. "సార్, నిజంగా దగ్గరేనా? ఈ ఏడాదిలో వస్తుందా?" అన్నాను. ఆయన నా భుజం తట్టి "నీలాంటివాళ్లు ఇంత శ్రద్ధగా పనిచేస్తుంటే తప్పకుండా వస్తుంది" అన్నాడు. నీ సంగతి చెప్పలేదు. జాలిపడి నన్ను కుర్చీలో కూర్చోబెడితే నాకు ఒళ్లు మండుతుంది. జవాబు కావాలి, వచ్చింది. అది చాలు.

ఇంకొకటి చెప్పనా. ఇక్కడొక కళ్లజోడమ్మాయి ఉంది, పరిశోధన చేస్తుంది. బంగారం మెరిసిన అంచు చూసుకుంటూ ఒక ఎలుక ఒంట్లోంచి గడ్డని గుండ్రంగా, చుట్టూ ఏదీ తెగకుండా తీసింది. కుట్లు వేసింది. ఆ ఎలుక ఇప్పుడు చక్రం ఎక్కి తిరుగుతోంది. తిండికి నా వేలు కొరుకుతోంది. ఎలుకకి అంత జాగ్రత్తగా కోసినవాళ్లు ఉండగా మా అక్కకి మొత్తం తీసేస్తారా?

ఆగు అక్కా. నా మాట ఎప్పుడూ వినవు. గోడ దూకొద్దంటే దూకి కాలు విరగ్గొట్టుకున్నావు, బావ గురక పెడతాడని ముందే చెబితే చేసుకున్నావు. ఈ ఒక్కసారి విను.

నీ చెల్లి

* * *

బస్టాండు, పార్శిల్ ఆఫీసు

చిటపటా,

నీ పంతం నెగ్గింది, కానీ నా వల్ల కాదు. ఆసుపత్రిలో ఆపరేషన్ గది మరమ్మతు చేస్తున్నారట, తేదీ వాళ్లే వెనక్కి జరిపారు. కనుక నేను నీ మాట విన్నానని గర్వపడకు.

బాగానే ఉన్నాను. మెత్తగా ఉన్నవి తింటున్నాను. యూనిఫాం కాస్త వదులైంది, ఎన్నాళ్లుగానో తగ్గాలనుకుంటున్నదే. మైకు గదివాళ్లు ఒకరోజు నన్ను పిలిచారు, రికార్డు మొరాయించిందని. వెళ్లాను. ఒక్క బస్సుకే చెప్పాను. గొంతు నాది కాదు, ఎవరో ముసలాయన నాలోంచి చెప్పినట్టుంది. అయినా జనం సరైన ప్లాట్‌ఫారానికే వెళ్లారు. ఆ పూటంతా ఎంత బాగుందో నీకు రాసి చెప్పలేను. డాక్టరుకి చెప్పకు.

నీ ఎలుకకి పేరు పెట్టావా? పెట్టకపోతే నా పేరు పెట్టు. చక్రం ఎక్కి తిరగడం నాకు అలవాటే.

అక్క

* * *

డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది

మరదలికి,

నేను ఉత్తరాలు రాసేవాణ్ణి కాదు. నాలుగు ముక్కలు రాస్తాను.

ఆపరేషన్ గదికి మరమ్మతూ లేదు, ఏమీ లేదు. తేదీ మార్పించింది మీ అక్కే. ఒకసారి కాదు, రెండుసార్లు. నీ ఉత్తరాలు రెండూ తీసుకెళ్లి డాక్టరు చేతికిచ్చింది. ఆయన శ్రద్ధగానే చదివాడు. "మీ చెల్లెలు ఏం చదివిందమ్మా" అన్నాడు. "ఎలుకల్ని" అని రాసి చూపించింది మీ అక్క. ఆయన నవ్వలేదు. "ఇది ఎప్పుడొస్తుందో నాకు తెలియదు, ఆగొద్దు" అన్నాడు. ఆగుతానని రాసిచ్చింది.

మెత్తటివి కూడా మింగలేకపోతోంది. పడుకుంటే ఊపిరి ఈలలా వస్తుంది, కూర్చునే నిద్రపోతుంది. నేను చూడటం లేదనుకుంటుంది.

నీ మీద కోపంగా ఉంది. దాచుకోను. చిన్నపిల్లవిగా ఉన్నప్పుడు నిన్ను బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పినవాణ్ణి, ఆ చనువుతో రాస్తున్నాను. ఆ బంగారం నిజమైతే ఎక్కడికి రావాలో చెప్పు, బస్సు ఆపి తీసుకొస్తాను. కాకపోతే కాదని నువ్వే రాయి. నేను చెబితే వినదు. నువ్వు చెబితేనే వింటుంది.

బావ

* * *

ఎలుకల గది

అక్కా,

ఈ ఉత్తరం అందగానే పార్శిల్ ఆఫీసులోంచి లేచి ఆసుపత్రికి వెళ్లు. మిగతాది దారిలో చదువుకో.

బావ రాశాడు. రాసినందుకు ఆయన్నేమీ అనకు. చదివి నేరుగా కళ్లజోడమ్మాయి దగ్గరికి వెళ్లాను. ఆమె ఒక ఎలుకని తూకం వేస్తోంది.

"మా అక్కకి గొంతులో క్యాన్సర్. మీ బంగారం ఆమెకి ఎప్పుడిస్తారు?" అన్నాను.

ఆమె తూకం ఆపేసింది. "మీ అక్కకా? ఎప్పుడు తెలిసింది? ఇంతకాలం చెప్పలేదేం?"

"నేనడిగింది అది కాదు."

"ఇవ్వరు," అంది. "ఇప్పట్లో ఇవ్వరు. నాకు జుట్టు నెరిసేలోపు వస్తే అదృష్టం."

"సారు దగ్గరికి వచ్చేశామన్నాడు."

"ఎక్కణ్ణించి దగ్గరికి? మొదలుపెట్టిన చోటు నించి చూసుకుంటే దగ్గరే."

నేను అరిచాను. ఏమన్నానో గుర్తులేదు. ఎలుకలన్నీ మూలకి దూరాయి. ఆమె నా మీద అరవలేదు. పాత స్కాన్ తీసి ముందు పెట్టింది. "ఇక్కడ చూడు, గడ్డ కంటే ఎక్కువ మెరుస్తున్నది ఏమిటి?"

కాలేయం. నేను ఎన్నిసార్లు చూశానో ఆ మెరుపుని. అది మామూలేలే అనుకున్నాను. బంగారంలో ఎక్కువ భాగం అక్కడికే పోతుందట, నెలల తరబడి కదలదట. అది మనిషికి ఏం చేస్తుందో ఇంకా ఎవరికీ తెలియదట. "తెలియనిది మీ అక్కకి ఎక్కించమంటావా?" అంది.

నేను చివరి మాట అడిగాను. "మరి ఆ ఎలుకకి గడ్డ అంత శుభ్రంగా ఎలా వచ్చింది?"

"అది మనం పెట్టిన గడ్డ కదా," అంది. "చర్మం కింద కణాలు సూదితో వేశాం. ఎక్కడుందో ముందే తెలుసు. దానికి వేళ్లు పారేంత సమయం కూడా ఇవ్వలేదు. మనిషి గొంతులో తనంతట తాను పెరిగింది అలా ఉండదు."

అక్కా, ఆ సూది వేసినప్పుడు ఎలుకని పట్టుకున్నది నేను. ఈ చేతులతో పట్టుకున్నాను. అది కొట్టుకోకుండా చెవి వెనక నిమిరాను కూడా. మేమే పెట్టాం, మేమే వెతికాం, దొరికిందని మేమే సంబరపడ్డాం. అన్నీ చూస్తూ నేను అంచు ఒక్కటే చూశాను, ఎందుకంటే నాకు అదే కావాలి.

ఆ రోజు వసారాలో సారుతో "మా అక్కకి" అని ఒక్క మాట అని ఉంటే ఆయన భుజం తట్టేవాడు కాదు. నిజం చెప్పేవాడు. ఆ మాట నా నోట్లోనే ఉంది. అనలేదు.

నేను తప్పు. మీ డాక్టరు ఒప్పు. స్వరపేటిక తీసేయమను, మొత్తం తీసేయమను. నువ్వు మాట్లాడకపోయినా ఫరవాలేదు. పళ్లెం మీద చెంచాతో కొట్టి పిలిస్తే పలుకుతాను. లేచావా? లే.

నీ చెల్లి

* * *

ఆసుపత్రి, కిటికీ పక్క మంచం

చిటపటా,

నీ ఉత్తరం చదివాక బావ నన్ను బస్సులో తీసుకొచ్చాడు. ఖాళీ బస్సు, నేనొక్కదాన్నే ప్రయాణికురాలిని. టిక్కెట్టు అడిగితే దిగిపోతానన్నాను.

ఉన్నదున్నట్టు రాస్తాను. వచ్చేసరికి ఊపిరి బాగా బిగుసుకుపోయింది. వెంటనే మెడ కింద కన్నం పెట్టారు. ఇప్పుడు గాలి సుఖంగా ఆడుతోంది. మాట లేదు. దగ్గు మాత్రం ఈల వేసినట్టుంటుంది, పక్క మంచమావిడ ఉలిక్కిపడుతుంది.

ఆ తరువాత ఛాతీ స్కాన్ తీశారు. ఊపిరితిత్తుల్లో చుక్కలున్నాయి. వాటికి మీ బంగారం అక్కరలేకపోయింది, మామూలు స్కాన్‌లోనే కనబడ్డాయి. నేనూ చూశాను. అలాంటప్పుడు పేటిక కోసి లాభం లేదన్నాడు డాక్టరు. నొప్పి తెలియకుండా చూస్తామన్నాడు. మంచం పక్కన కూర్చుని చెప్పాడు, నిలబడి చెప్పలేదు. నువ్వు వస్తే ఆయనకి దణ్ణం పెట్టు, నీ పొగరు కాసేపు బయట పెట్టి.

బావ నీకేం రాశాడో ఇప్పుడు చెప్పాడు. తప్పు రాశాడు. తేదీ మార్పించింది నేనే, నిజం. కానీ నీ బంగారం కోసం కాదు. మాట పోతుందంటే భయమేసింది, ఇంకొన్నాళ్లు మైకు దగ్గర కూర్చోవాలనిపించింది. డాక్టరుకి ఆ మాట చెప్పడానికి సిగ్గేసి నీ ఉత్తరాలు చేతిలో పెట్టాను. అంతే. నేనెప్పుడైనా నీ మాట విన్నానా? గోడ దూకినప్పుడు విన్నానా?

కనుక నువ్వు ఏదో చేసేశానని అక్కడ కూర్చుని ఎలుకల్ని భయపెట్టకు.

అక్క

* * *

ఎలుకల గది, సంచీ సర్దుకుంటూ

అక్కా,

బయల్దేరుతున్నాను. ఈ కాగితం నా కంటే ముందు రాదు, నేనే తెచ్చి ఇస్తాను. అయినా రాస్తున్నాను, ఎదురుగా అడగడం నాకు చేతకాదు.

సారుకి చెప్పాను, మా అక్క అని. ఆయన కుర్చీ లాగి కూర్చోబెట్టాడు, నీళ్లు ఇచ్చాడు. "నువ్వు ఆ రోజు అడిగింది ఇందుకా" అన్నాడు. అరుద్దామని వెళ్లినదాన్ని. ఆయన అలా అన్నాక అరవలేకపోయాను. దానికి కూడా కోపంగానే ఉంది. ఎవరి మీద చూపించుకోవాలో చెప్పు, వెళ్లి చూపించుకుంటాను. అందరూ మంచివాళ్లే దొరికారు నాకు.

నువ్వు రాసింది నేను నమ్మలేదు. నన్ను కాపాడ్డానికి రాశావు. చిన్నప్పుడు నేను గాజు పగలగొడితే నువ్వే పగలగొట్టానని చెప్పినట్టు. ఒక్కసారి నిజం చెప్పు. నా మాట విని ఆగావా, లేదా?

నీ చెల్లి

* * *

ఆసుపత్రి, కిటికీ పక్క మంచం. చీటీలు

చిటపటా, ఎదురుగా కూర్చున్నదానికి ఉత్తరమేమిటనకు. నువ్వు నోటితో చెప్పు, నేను కాగితంతో చెబుతాను.

ఎంత చిక్కిపోయావు. నాకు జబ్బు, నీకు చిక్కడం.

నర్సు మీద అరవకు. గొట్టం శుభ్రం చేస్తుంటే అలాగే దగ్గొస్తుంది. ఆమె తప్పు కాదు.

అడిగావు కదా, చెప్పాను కదా. వినలేదు.

మళ్లీ అడిగితే కాగితం చింపేస్తా.

బావని కాసేపు బయటికి పంపు. టీ తాగి రమ్మను.

సరే. విన్నాను.

నువ్వు చెప్పావని ఆగాను. జీవితంలో ఒక్కసారి నీ మాట విన్నాను.

అలా చూడకు. పూర్తిగా రాయనియ్యి. డాక్టరు చెప్పిన రోజు నించి నాకు చావు తప్ప ఇంకేమీ కనబడలేదు. నీ ఉత్తరం వచ్చింది. దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటుందని రాశావు. ఆ తరువాత రోజూ దాన్నే తలుచుకున్నాను. మూటల మీద ఊళ్ల పేర్లు రాస్తూ అదే. ఎర్రగా నాలోకి వెళ్తున్నట్టు, గొంతు దగ్గర ఆగి మెరుస్తున్నట్టు. అన్నాళ్లూ నేను బతికి ఉన్నదాన్నే. అది తప్పో ఒప్పో నాకు తెలియదు. తప్పే అయి ఉంటుంది. బావకి ఎప్పటికీ చెప్పకు.

నిన్ను క్షమించడానికి నేనెవరు? మళ్లీ చెబితే మళ్లీ వింటాను. అదీ నా బుద్ధి.

పెదవి కొరుక్కోకు, రక్తం వస్తోంది.

బావ వచ్చేలోపు ఏడ్చెయ్యి. గట్టిగానే ఏడు, పక్క మంచమావిడ ఏమీ అనుకోదు. నా వంతు కూడా నువ్వే ఏడవాలి. నేను ఏడుస్తుంటే చప్పుడు రావడం లేదు.